చమురు బావుల కొలువు: ఇంజనీరింగు పట్టభద్రుడు ఏ ద్వారమున ప్రవేశించవలెను?

గోదావరి పాయల నడుమ, కొబ్బరితోటల మీదుగా ప్రయాణము చేయువారికి అప్పుడప్పుడు చెట్ల తలలను మించి లేచిన ఇనుప గోపురమొకటి కనబడును. దానినే రిగ్గు అందురు. నర్సాపురము, రాజోలు, అమలాపురము ప్రాంతముల పిల్లలకు అది చిరకాలముగా పరిచితమైన దృశ్యము. రాత్రివేళ దాని దీపములను చూచుచు పెరిగిన కుర్రవాడే ఇంజనీరింగు పట్టము చేతబట్టుకొని, "అక్కడ నాకొక ఉద్యోగము దొరకునా? దొరికినచో ఏ ఉద్యోగములో చేరవలెను?" అని అడుగును. మొదటి ప్రశ్నకు పరీక్షలును, ప్రకటనలును సమాధానము చెప్పును. రెండవ ప్రశ్నను గురించి ఈ పూట శ్రోతలతో కొంత ముచ్చటింపదలచితిమి.

రిగ్గు మీద పనిచేయు వారందరును ఒకే సంస్థవారని బయటివారికి తోచును. సాధారణముగా అట్లుండదు. ఇల్లు కట్టునపుడు స్థలము గలవాడొకడు, తాపీమేస్త్రి యొకడు, వడ్రంగి యొకడు ఉన్నట్లే, చమురు బావి వద్ద గూడ పలువురు యజమానుల మనుషులు కలిసి పనిచేయుదురు. ప్రభుత్వమునుండి హక్కు పొంది, సొమ్ము పెట్టి, దొరికిన చమురును అమ్ముకొను సంస్థ మొదటిది. సిమెంటు పోయుట, భూగర్భములోని రాళ్లను పరికరములతో పరీక్షించుట వంటి ప్రత్యేకమైన పనులు చేసిపెట్టు సేవాసంస్థలు రెండవ తెగ. రిగ్గును, దానిని నడుపు సిబ్బందిని రోజుకింత అని అద్దెకిచ్చు సంస్థలు మూడవ తెగ. పట్టభద్రునికి ఈ మూడును మూడు ద్వారములు. ఏ ద్వారమున ప్రవేశించినచో ఏమి నేర్చుకొందుమను ప్రశ్న జీతము ప్రశ్నకంటె ముందు రావలెనని మా అభిప్రాయము.

మొదటి ద్వారమును మన ఇండ్లలో అందరును ఎరుగుదురు. ఓ.ఎన్.జి.సి. 1956 ఆగస్టు 14న కమిషనుగా ఏర్పడినది. 1958లో ఖంభాతులోను, 1960లో అంకలేశ్వరులోను చమురు కనుగొన్నది. గోదావరి ప్రాంతమునకు దాని కేంద్రము రాజమహేంద్రవరము. అస్సాములో దులియాజాను కేంద్రముగా ఆయిలిండియా అను మరియొక ప్రభుత్వ సంస్థ కలదు. ఓ.ఎన్.జి.సి.లో పట్టభద్రుడు చేరు తొలి అధికారి మెట్టునకు 2017 సవరణ ననుసరించి మూలవేతనపు శ్రేణి 60,000 రూపాయలనుండి 1,80,000 వరకు. గేట్ పరీక్ష మార్కులనుబట్టి గాని, సంస్థ ప్రత్యేకముగా జరుపు పరీక్షనుబట్టి గాని అభ్యర్థులను ఎన్నుకొందురు. ఏ సంవత్సరము ఏ పద్ధతియో ఆ యేటి ప్రకటనలోనే చూచుకొనవలెను.

ఈ మార్గములోని గొప్ప లాభము భద్రత యని పెద్దలందురు. అది నిజమే. అంతకు మించిన లాభము మరియొకటి కలదు. బావి ఎచ్చట త్రవ్వవలెనను ఆలోచన మొదలుకొని, అది ఇరువది ముప్పది యేండ్లు ఫలమిచ్చి కడకు మూతపడువరకు దాని జీవితమంతయు చూడగల అవకాశము ఈ సంస్థలోని ఇంజనీరుకే ఎక్కువ. ఇందుకు బదులుగా విడిచిపెట్టవలసినదియు కొంత కలదు. త్రవ్వకము, ఉత్పత్తి, సిమెంటింగు, రిజర్వాయరు అను శాఖలలో చేరునాడు ఏది లభించునో, చాలమందికి చిరకాలము అదియే నిలిచిపోవును. ఇతరులచేత పని చేయించుట, లెక్కలు సరిచూచుట, కాగితములు నడుపుట హెచ్చుగా ఉండును. శ్రద్ధలేనివాడు పదియేండ్లు గడచినను చేతితో ఒక్క పరికరమును విప్పి చూడకయే ఉండిపోవచ్చును. "మావాడు రాజమండ్రిలోనే యుండును" అని తల్లిదండ్రులు లెక్క వేసికొనరాదు. అస్సాము, త్రిపుర, గుజరాతు, ముంబయి సముద్రము, వీనిలో ఎచ్చటికైనను పంపవచ్చును.

రెండవ ద్వారము సేవాసంస్థలది. అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రములో ఎర్ల్ హాలిబర్టన్ 1919లో బావులకు సిమెంటు పోయు వ్యాపారము ప్రారంభించెను. ఫ్రాన్సులోని పెషెల్‌బ్రాన్ వద్ద 1927 సెప్టెంబరులో ష్లంబర్జే సోదరుల బృందము బావిలోనికి విద్యుత్తు పరికరమును దించి, లోపలి రాళ్ల నిరోధమును మొదటిసారి గీతగా గీసెను. ఆ రెండు పేర్లమీద పెరిగిన సంస్థలు నేడు ప్రపంచమంతట పనిచేయుచున్నవి. ష్లంబర్జే సంస్థ 2022లో తన పేరును ఎస్.ఎల్.బి. అని కుదించుకొన్నది. ఇట్టి సంస్థలు క్రొత్త పట్టభద్రుని ఫీల్డు ఇంజనీరుగా తీసికొనును.

ఆ ఇంజనీరు పని యెట్టిదో ఒక ఉదాహరణము చెప్పుదుము. త్రవ్విన రంధ్రము కూలకుండ అందులో ఇనుప గొట్టములు దించుదురు. వీనికి కేసింగు అని పేరు. ఆ గొట్టమునకును చుట్టునున్న రాతికిని నడుమ గల సందును సిమెంటుతో నింపవలెను. పలుచని సిమెంటు ముద్దను గొట్టము లోపలగుండ అడుగునకు పంపి, అచ్చటనుండి సందుగుండ పైకి ఎక్కింతురు. ఎంత సిమెంటు కావలెను, ఆ లోతున గల వేడికి అది ఎన్ని గంటలలో గట్టిపడును, పంపు ఎంత పీడనముతో నడువవలెను అను లెక్కలన్నియు ముందే సరిగా ఉండవలెను. మధ్యలో గట్టిపడినచో దిద్దుకొనుట మిక్కిలి కష్టము. ఇరువది నాలుగు, ఇరువదియైదేండ్ల యువకుడు తెల్లవారుజామున రెండు గంటలకు పంపు పక్కన నిలువబడి ఈ బాధ్యత వహించును. ఇంత చిన్న వయసున ఇంత బాధ్యత ఇతర వృత్తులలో అరుదు. నేర్చుకొనువానికి అది వరము. నిద్రకు, నియమమునకు అలవాటుపడినవానికి అది శిక్షయే యగును.

సేవాసంస్థలలో అన్ని పనులును ఒక్కటి కావు. తీగతో పరికరములు దించు లాగింగు ఇంజనీరు పిలుపు వచ్చినపుడు పోయి, పని ముగించుకొని తిరిగివచ్చును. ఎప్పుడు పిలుపు వచ్చునో చెప్పలేము. త్రవ్వుచున్నంతసేపు దిశను, రాతి స్వభావమును కొలుచు ఇంజనీరు వారముల తరబడి రిగ్గుమీదనే నివసించును. పైకి వచ్చు రాతిపొడిని, వాయువును పరిశీలించు మడ్ లాగింగు పనిలో ప్రవేశము సులభము, జీతము స్వల్పము. దానిని తక్కువగా చూడవలసిన పని లేదు. బావి చెప్పు మాటను ముందుగా వినునది ఆ గదిలోనివారే. ఐనను రెండేండ్లు నిండునప్పటికి అక్కడినుండి ఎటు పోవలెనో ఆలోచించుకొనుట మంచిది.

జీతము మాట గూడ చెప్పవలెను. సేవాసంస్థలలో మూలవేతనము కొంత, పనికి వెళ్లిన దినములనుబట్టి ఇచ్చు అదనపు సొమ్ము కొంత. పని జోరుగా నున్నపుడు స్నేహితులకంటె హెచ్చు సంపాదింపవచ్చును. కాని 2014 మధ్యలో పీపాయికి 100 డాలర్లకు పైగా నున్న చమురు ధర 2016 జనవరిలో 30 డాలర్లకు లోపు పడిపోయెను. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు ముందస్తు బేరపు ధర సున్నకు దిగువకు పోయెను. అట్టి సమయములలో చమురు సంస్థలు మొదట ఆపునది క్రొత్త బావుల త్రవ్వకము. త్రవ్వకము ఆగినచో సేవాసంస్థలకు, రిగ్గుల వారికి పని లేదు. ఉద్యోగములు మొదట పోవునది అచ్చటనే. కావున హెచ్చు జీతము వచ్చు మొదటి యేడే అప్పు చేసి ఇల్లు కట్టుటకు తొందరపడక, ఒక సంవత్సరపు ఖర్చునకు సరిపడు సొమ్ము దాచుకొనుట వివేకము.

మూడవ ద్వారము రిగ్గును నడుపు సంస్థలది. మన పట్టభద్రులు దీనిని చిన్నచూపు చూతురు. ఇచ్చట మొదట గొట్టములు బిగించువారితో, గొలుసులు లాగువారితో కలిసి, చేతులకు గ్రీసు పూసికొని పనిచేయవలసి వచ్చును. డ్రిల్లరు, ఆపై టూల్‌పుషరు అను మెట్లు ఎక్కుటకు పట్టముకంటె అనుభవము ముఖ్యము. ఆ అనుభవము విలువ తెలియవలెనన్నచో బావి యెట్లు అదుపులో నుండునో తెలియవలెను. పంపులతో లోపలికి పంపు బురదద్రవము రాతిపొడిని పైకి తెచ్చుటయే గాక, తన బరువుచేత భూగర్భములోని వాయువును అణచి యుంచును. ఆ బరువు చాలనిచో వాయువు లోనికి చొరబడును, మితిమీరినచో రాయి పగిలి ద్రవమే ఇంకిపోవును. కృష్ణా గోదావరి భూగర్భములో కొన్ని చోట్ల పీడనమును, వేడియు మిక్కిలి హెచ్చు. పంపినదానికంటె తిరిగివచ్చు ద్రవము కొంచెము హెచ్చినదని గమనించి, వెంటనే బావిని మూయగల డ్రిల్లరు వంద ప్రాణములను కాపాడినవాడగును.

గమనింపనిచో ఏమగునో మనవారికి తెలియును. 1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద బావి యొకటి అదుపు తప్పి మండెను. అది ఆరుటకు రెండు నెలలకు పైగా పట్టెను. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అను రిగ్గు పేలి 11 మంది మరణించిరి. అడుగున పోసిన సిమెంటు పట్టు నిలువకపోవుట, పీడన పరీక్ష ఫలితమును తప్పుగా అర్థము చేసికొనుట దానికి గల కారణములలో ముఖ్యమైనవని విచారణలలో తేలెను. కావున ఏ సంస్థలో చేరువాడైనను ఎన్నిక సమయమున రెండు ప్రశ్నలు అడుగుట తప్పు కాదు: నన్ను ఒంటరిగా పనికి పంపుటకు ముందు ఎన్ని నెలలు శిక్షణ నిత్తురు? ప్రమాదమని తోచినపుడు పని ఆపుమనుటకు నాకు అధికారమున్నదా? ఈ ప్రశ్నలకు విసుగుకొను సంస్థ జీతమెంత ఇచ్చినను ఆలోచింపవలసినదే.

ఇంటివారు తెలిసికొనవలసినది పని క్యాలెండరు. రిగ్గుమీద పండ్రెండు గంటల పాళీలు. చాల చోట్ల పదునాలుగు దినములు పని, పదునాలుగు దినములు విశ్రాంతి. సేవాసంస్థలలో ఈ క్రమము గూడ తప్పవచ్చును. సంక్రాంతికి, పెండ్లికి, పెద్దవారి జబ్బుకు సమయమునకు రాలేకపోవుట ఈ వృత్తిలో సహజము. ఇది తెలిసి చేరినవారు నిలుతురు. తెలియక చేరినవారిలో పలువురు రెండేండ్లలో విరమింతురు.

ఆడపిల్లల విషయమున పూర్వపు అడ్డంకి కొంత తొలగినది. 1952 నాటి గనుల చట్టము స్త్రీలు రాత్రివేళ గనులలో పనిచేయుటను నిషేధించియుండెను. చమురు బావులును ఆ చట్టము క్రిందనే ఉండెడివి. 2019 జనవరిలో కేంద్ర ప్రభుత్వము, వారు వ్రాతపూర్వకముగా అంగీకరించినచో నేలపై పనులకు రాత్రివేళ గూడ నియమింపవచ్చునని సడలింపు నిచ్చెను. బస, రాకపోకలు, తోడుగా నుండు స్త్రీల సంఖ్య ఎట్లున్నవో చేరుటకు ముందే విచారించుకొనుట వారి హక్కు.

ఈ మూడింటిలో ఏది మేలు? అందరికిని ఒకే సమాధానము చెప్పుట సాధ్యము కాదు. నిదానముగా ఒక క్షేత్రమును ఏండ్ల తరబడి చదువదలచినవానికి మొదటి ద్వారము. ఒక విద్యను త్వరగా, లోతుగా, దేశదేశములలో నేర్వదలచినవానికి రెండవది. యంత్రమును, మనుషులను నడుపుటలో నేర్పు గలవానికి మూడవది. ఐతే మూడేండ్లు గడచిన పిదప, ఉద్యోగము పోయినను తన చేత మిగులు విద్య యేది యని ప్రతివాడును ప్రశ్నించుకొనవలెను. త్రవ్వకము, సిమెంటింగు, లాగింగు చమురుకు మాత్రమే పనికివచ్చు విద్యలు కావు. లడఖ్‌లోని పూగా వద్ద భూగర్భపు వేడినుండి విద్యుత్తు తీయుటకు 2021లో ఓ.ఎన్.జి.సి. ఒప్పందము చేసికొన్నది. అక్కడను కావలసినవి ఈ విద్యలే.

చివరి సంవత్సరపు విద్యార్థికి మా సలహా యిది. గేట్ పరీక్షకు చదువుచునే సేవాసంస్థల ఎన్నికలకును హాజరు కమ్ము. ఉద్యోగమిప్పింతుమని ముందుగా సొమ్ము అడుగువారిని నమ్మకుము. వీలైనచో సెలవులలో ఇట్టి పనిలో నున్న ఊరివాని నొకనిని కలిసికొని, అతని జీతమును గాక, గడచిన నెలలో అతడు ఏయే రాత్రులు ఏమేమి చేసెనో అడుగుము. అతడు చెప్పునది విని ఉత్సాహము కలిగినచో దరఖాస్తు వ్రాయుము. తల్లిదండ్రులు గూడ ఆ మాటలు వినుట మంచిది.