వాద్యముల వర్తకుడు - రెండు కన్నుల చిత్రము



మన పెదవేగికి పడమటనున్న నూజివీడు వీణలకు పేరుపొందినది. పనసకొయ్యను ఎంత పలుచన చేసిన ఎట్టి నాదము పలుకునో అచ్చటి పనివానికి చేతివ్రేళ్లే చెప్పును. అట్టి చేతితెలివి శాస్త్రమునకు ఎంతదూరము దారి చూపగలదో తెలుపుటకై ఇంగ్లాండు దేశపు వాద్యముల వర్తకుడొకని కథ నేడు మనవి చేసెదను.

ఆయన పేరు చార్లెస్ వీట్‌స్టన్. 1802వ సంవత్సరమున గ్లౌస్టరు పట్టణసమీపమున జన్మించెను. తండ్రి పిల్లనగ్రోవి నేర్పువాడు. చార్లెస్ పదునాలుగవ యేట, లండనులో వాద్యములు చేసి యమ్ము తండ్రి సోదరుని యంగడిలో పనికి చేరెను. 1823లో ఆయన గతింపగా తమ్మునితో గూడి ఆ వ్యాపారమును తానే వహించెను. అంతకు రెండేండ్లు ముందే ఆయన పైకప్పునుండి ఒక వాద్యమును వ్రేలాడదీసి, ఎవరును తాకకుండగనే పలికించి జనులను విస్మయపరచెను. అది ఇంద్రజాలము కాదు. పైగదిలో వాయించు వాద్యముల నాదము సన్నని లోహపుతీగ వెంట క్రిందికి దిగివచ్చుచుండెను. మన నాటకములలోని హార్మోనియమువలె రీడ్లతో పలుకుచు, రెండు చేతుల నడుమ తిత్తివలె సాగు కాన్సర్టీనా అను వాద్యమును ఆయన కల్పించినదే. 1834లో లండను కింగ్స్ కళాశాలలో ఆచార్యుడయ్యెను. సభలో నోరువిప్పుటకు బిడియపడువాడు. అయినను అంగడిని విడువలేదు.

చెవిని శోధించిన యీతడు పిదప కంటివైపు మరలెను. మీ బొటనవ్రేలిని ముక్కునకు జానెడు దూరమున నిలిపి, ఒక కన్ను మూసి చూడుడు. తరువాత రెండవది మూసి చూడుడు. వ్రేలు ప్రక్కకు జరిగినట్లు తోచును. రెండు కన్నులును రెండు వేర్వేరు రూపములను చూచుచున్నవి. ఆ భేదమునుండియే మనస్సు దూరమును, లోతును గ్రహించుచున్నది. ఈ సత్యమును 1838లో వీట్‌స్టన్ రాయల్ సొసైటీకి విన్నవించి, రెండు అద్దములతో ఒక పరికరమును చూపెను. కుడికంటికొకటి, ఎడమకంటికొకటి గీసిన చిత్రములు అందులో ఒక్కటై, గట్టి వస్తువువలె ఎదుట నిలిచెను. దానికి స్టీరియోస్కోపు అని పేరిడెను.

అయితే రెండు దృశ్యముల సూక్ష్మభేదమును చేతితో గీయుట మిక్కిలి కష్టము. సరిగా మరుసటియేడు, 1839లో, ఛాయాగ్రహణవిద్య లోకమునకు వెల్లడియయ్యెను. వీట్‌స్టన్ ఆలస్యము చేయక, ఆ విద్యలో ఆద్యుడైన టాల్బట్‌ను కోరి విగ్రహములకును, భవనములకును, సజీవులైన మనుష్యులకును జంటచిత్రములు తీయించెను. 1849లో బ్రూస్టరు అను శాస్త్రజ్ఞుడు అద్దములకు బదులు కటకములు అమర్చి దానిని చిన్నపెట్టెగా మార్చెను. 1851 నాటి లండను మహాప్రదర్శనము పిమ్మట అది వేలకొలది యిండ్లకు చేరెను.

ఇది వినోదముతో ముగియలేదు. కొల్లేటి ప్రాంతమున ‘అయిదవ కాంటూరు’ అను మాట నెరుగనివారు లేరు. 1999లో పక్షుల అభయారణ్యమునకు అదియే ఎల్లగా ప్రకటింపబడినది. నేలయొక్క మిట్టపల్లములను అట్టి గీతలుగా పటమునకెక్కించుటకు, ఆకాశమున రెండు చోట్లనుండి తీసిన జంటచిత్రములను ఇట్లే కలిపి చూచు పద్ధతి కలదు.

తుదకొక మాట. వీట్‌స్టన్ కుక్ అను భాగస్వామితో గూడి 1837లో తంతియంత్రమునకు పేటెంటు పొందెను. ఆ ఘనత ఎవరిదని ఇరువురికిని తగవు పుట్టగా, 1841లో ఇద్దరు పెద్దమనుష్యులు విచారించి, ఆచరణలో నెలకొల్పిన కీర్తి కుక్‌దనియు, శాస్త్రశోధన కీర్తి వీట్‌స్టన్‌దనియు చెప్పిరి. ఒక్క కన్ను చూచినదానినే నమ్మినచో లోతు తెలియదని లోకమునకు నేర్పినవాని తగవు, ఇరుపక్షముల మాట వినిననే తీరినది. గ్రామమున తగవులు తీర్చు మీకు ఇంతకుమించి చెప్పనక్కరలేదు.