తలతిరుగుడు – ఎం.ఆర్.ఐ. పరీక్ష

కొబ్బరిచెట్టుమీద నున్నవానికిని, సముద్రముపై వేటకు పోయినవానికిని బుర్ర తిరుగుట ప్రాణముతో చెలగాటము. అందుచేత మన ఉద్దానములో తలతిరుగుడు చిన్న జబ్బు కాదు. అది పట్టగానే పట్టణమునకు పోయి ఎం.ఆర్.ఐ. తీయించుకొనవలెనా యని పలువురు అడుగుదురు. ఆ పరీక్ష ఏమి చూపును, ఏమి చూపదు, దానికి ముందు మనము ఏమి తెలిసికొనవలెను అను సంగతులు మనవి చేసెదను.

చెవి వినుటకే గాక నిలకడకును ఆధారము. లోచెవిలో నీటితో నిండిన మూడు వంకర గొట్టములు కలవు. తల కదలినపుడు ఆ నీరు కదలి, ఏ వైపు తిరిగితిమో మెదడునకు తెలుపును. తాపీపనివానికి రసమట్టము ఎట్టిదో, దేహమునకు ఈ నీరు అట్టిది.

చెవివలన తల తిరుగుటకు మిక్కిలి తఱచైన కారణము, లోచెవిలోని సన్నని సున్నపు రేణువులు చోటు తప్పి ఆ గొట్టములలో పడుట. పక్కమీద ఒత్తిగిలినపుడు, తల పైకెత్తినపుడు కొద్దిసేపు ఇల్లంతయు గిరగిర తిరుగును. ఆ రేణువులు ఎం.ఆర్.ఐ.లో కానరావు. రోగిని బల్లపై పరుండబెట్టి, తల ప్రక్కకు త్రిప్పి, కనుగ్రుడ్ల కదలికను చూచు పరీక్షను డిక్స్, హాల్‌పైక్ అను వైద్యులు 1952లో ప్రకటించిరి. తలను వరుసగా త్రిప్పి రేణువులను స్వస్థానమునకు చేర్చు చికిత్సను ఎప్లీ యను వైద్యుడు 1992లో ప్రకటించెను. దీనికి సూదియు వలదు, యంత్రమును వలదు.

మఱి ఎం.ఆర్.ఐ. ఎప్పుడు? తలతిరుగుడుతో మాట తడబడినను, ముఖము వంకరపోయినను, కాలుసేతులు పట్టు తప్పినను, అది మెదడులో రక్తప్రసారము ఆగిన సూచన కావచ్చును. క్షణమైనను ఆలసింపక ఆసుపత్రికి పోవలెను. ఒక్క చెవియే క్రమముగా మందగించినచో, నరముపై కంతి యున్నదేమో ఈ పరీక్ష చూపును. ఇందు ఎక్స్‌రే కిరణములు లేవు. బలమైన అయస్కాంతముతో బొమ్మ తీయుదురు. కావున గుండెకు యంత్రము అమర్చుకొన్నవారు ఆ సంగతి ముందే చెప్పవలెను.

ఇక మెనియే జబ్బు. ప్యారిస్ వైద్యుడు ప్రోస్పర్ మెనియే దీనిని 1861లో వివరించెను. చెవిలో హోరు, చెవుడు, గంటలకొలది తలతిరుగుడు దీని లక్షణములు. లోచెవిలో సంచిలో సంచివలె రెండు నీళ్లు వేఱువేఱుగా నుండును. ఈ జబ్బులో లోపలి సంచి ఉబ్బును. 1938లో మృతుల చెవి యెముకలలో ఈ ఉబ్బును కనుగొనిరి. బ్రదికియున్న రోగిలో దానిని చూపినవారు జపానులోని నగోయా వైద్యులు; అది 2007. గడోలినియమను మందు వెలుపలి నీటిలో కలిసి తెల్లగా మెఱయును. లోపలి సంచి నల్లగా నిలుచును. ఇపుడు మందును రక్తనాళములోనికి ఎక్కించి, సుమారు 4 గంటలు ఆగి బొమ్మ తీయుదురు.

ఇచ్చటనే మనవారు జాగ్రత్తగా వినవలెను. ఈ మందు దేహమునుండి వెడలు త్రోవ మూత్రపిండములు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో కిడ్నీలు చెడియు ఆ సంగతి తెలియక తిరుగువారు కలరు. 1997లో అమెరికాలో కొందఱు కిడ్నీరోగులకు చర్మము గట్టిపడి కీళ్లు బిగిసిపోవు వ్యాధి కనబడెను. దానికి ఈ మందుతో సంబంధము కలదని 2006లో తెలిసెను. నేటి కొన్ని మందులలో ఆ భయము మిక్కిలి తక్కువ. ఐనను సూది వేయించుకొనుటకు ముందు రక్తములో క్రియాటినిన్ చూపించుకొని, డయాలసిస్ జరుగుచున్నచో ఆ మాట వైద్యునికి చెప్పుట మన విధి. సూది లేని ఎం.ఆర్.ఐ. కూడ కలదు, పెక్కు సందర్భములలో అదియే చాలును.

కిడ్నీరోగికి తల తిరిగిన ప్రతిసారి తప్పు చెవిది కాదు. రక్తహీనత, రక్తపోటు మాత్రలు, డయాలసిస్ పిమ్మట పోటు పడిపోవుట కూడ కారణములు. జెంటామైసిన్ వంటి సూదిమందులు చెడిన కిడ్నీలలో నిలిచిపోయి లోచెవిని దెబ్బతీయగలవు. పలాసలో 2023లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రము ప్రారంభమైనవి. మన ఊరివారు అట్టి చోట కిడ్నీ పరీక్ష చేయించుకొని, ఆ కాగితమును వెంట పెట్టుకొనియే చెవి వైద్యుని చూచునట్లు పెద్దలు చెప్పవలెను. యంత్రము చెవిలోని నీటిని చూపగలదు. రోగి కిడ్నీల సంగతి మాత్రము మనమే ముందుగా చెప్పవలెను.