మీర్ ఆలంకు నీరటి ఎవరు?

 

నిర్వాహకులు నాకిచ్చిన అంశం ఉష్ణమండల వర్షారణ్య ప్రాంతాల్లోని ఉద్యానవనాలు, సరస్సులు, విహార స్థలాలు. మాట్లాడాల్సింది హైదరాబాద్ పాతబస్తీలో! వర్షారణ్యం అనాలంటే ఏడాదికి తక్కువలో తక్కువ రెండు వేల మిల్లీమీటర్ల వాన పడాలి, అదీ ఏడాది పొడుగునా ఎంతో కొంత పడుతుండాలి. మనకు పడేది ఎనిమిది వందలు, అటూ ఇటూగా. అందులో సింహభాగం జూన్ నుంచి అక్టోబర్ లోపలే. తర్వాత ఆకాశం వైపు చూస్తూ కూర్చోవడమే. అందుకని అమెజాన్‌నూ అగుంబెనూ వర్ణించి మిమ్మల్ని ఊరించే పని పెట్టుకోను. మన గడప దగ్గర మీర్ ఆలం చెరువుంది, దాని కట్ట కింద ఒక జూ ఉంది. మాట్లాడితే వాటి గురించే మాట్లాడాలి. వర్షారణ్యం సంగతి కూడా మధ్యలో వస్తుంది, మీరు అనుకోని దారిలో.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. వాన అడవుల్లో ప్రకృతి దానంతటది ఉంటుంది, మనిషి చెయ్యి పెట్టకపోతే చాలు. దక్కన్ రాతినేల మీద అట్లా కాదు. ఇక్కడ సరస్సు అని మనం పిలిచే ప్రతిదాన్నీ ఎవరో ఒకరు కట్టారు. హుస్సేన్‌సాగర్ కట్టింది, సరూర్‌నగర్ కట్టింది, గండిపేట కట్టింది. కట్టినదాన్ని కనిపెట్టుకొని ఉంటేనే అది నిలుస్తుంది. వదిలేస్తే అడవిగా మారదు, మురుక్కుంటగా మారుతుంది.

మీర్ ఆలం అంటే మనవాళ్లకు మొదట గుర్తొచ్చేది మండీ. కూరగాయలు, ఎండుమిర్చి, బేరాలు. ఆ పేరున్న మనిషి మీర్ అబుల్ ఖాసిం, మూడో నిజాం సికందర్ జా దగ్గర దివాన్. 1799లో శ్రీరంగపట్నం మీదికి వెళ్లిన నిజాం సేనకు ముందు నడిచినవాడు. టిప్పు పతనం తర్వాత పంచుకున్న సొమ్ములో తన వాటాతోనే ఈ చెరువు కట్టించాడని చెప్తారు. 1804లో దివాన్ అయ్యాడు, ఆ ఏడే పని మొదలుపెట్టించాడు, 1806లో పూర్తయింది. 1808లో ఆయన పోయాడు. నాలుగేళ్ల దివాన్‌గిరీలో ఆయన నడిపిన రాజకీయాలు ఇవాళ చరిత్ర విద్యార్థులకు తప్ప ఎవరికీ పట్టవు. చెరువు మాత్రం ఉంది. యుద్ధపు సొమ్ము నీళ్లలో పోసినవాళ్లు తక్కువ, పోసి బాగుపడ్డవాళ్లు ఇంకా తక్కువ.

ఇప్పుడు కట్ట దగ్గర కాసేపు ఆగుదాం. మన చెరువు కట్టలు ఎట్లా ఉంటాయో మీకు తెలుసు. రామప్ప చూడండి, పాకాల చూడండి. కాకతీయుల కట్టలన్నీ మట్టి కట్టలు, నీటివైపు రాతి పేర్పు. నీళ్లు తోస్తుంటే తమ బరువుతో అవి కదలకుండా కూర్చుంటాయి. నీళ్లు లోతయ్యేకొద్దీ అడుగున మట్టి వెడల్పూ పెరగాలి. మీర్ ఆలం కట్టది వేరే దారి. అది బరువుతో ఆపదు, ఆకారంతో ఆపుతుంది. నిలువుగా నిలబెట్టిన సగం గొట్టాల్లాంటి కమానులు 21, పక్కపక్కన. కమాను ఉబ్బు నీళ్లవైపు, లోపలి గుంత మనవైపు. ఒక్కో కమాను వెడల్పు దాదాపు 70 అడుగుల నుంచి 147 అడుగుల దాకా. ప్రతి రెండు కమానుల మధ్యా ఒక రాతి దిమ్మె. నీళ్లు తోసేకొద్దీ కమానులోని రాళ్లు ఒకదానికొకటి మరింత బిగుసుకుంటాయి, జాతరలో వెనక నుంచి తోపులాట మొదలైతే ముందువరస భుజాలు కలిపి బిగిసినట్టు. ఆ ఒత్తిడి పక్కలకు పాకి దిమ్మెల మీదికి, దిమ్మెల నుంచి కింది బండలోకి దిగిపోతుంది. రాయికి నొక్కుడు బలం ఎక్కువ, లాగుడు బలం తక్కువ. ఈ కట్టలో రాయికి నొక్కుడు తప్ప లాగుడు రానివ్వలేదు. అందుకే గోడ అంత పలచన. రాయి, సున్నం తప్ప సిమెంటు లేదు, ఇనుము లేదు.

ఇట్లా వరస కమానులతో కట్టిన డ్యామ్‌లలో ప్రపంచంలో మొదటివాటిలో ఇదొకటని డ్యామ్‌ల చరిత్ర రాసినవాళ్లు గుర్తిస్తారు. అమెరికాలో జాన్ ఈస్ట్‌వుడ్ అనే ఇంజినీరు కాలిఫోర్నియాలోని హ్యూమ్ లేక్ దగ్గర కాంక్రీటుతో ఇదే పద్ధతి వాడింది 1908-09లో. కెనడాలో క్యూబెక్ రాష్ట్రంలో 214 మీటర్ల ఎత్తున ఇదే రకం డ్యామ్ పూర్తయింది 1968లో. మన కట్ట ఎత్తు 40 అడుగులు. చిన్నదే, కానీ ముందు పుట్టింది. గీసిన ఇంజినీరు ఎవరన్నదానిలో రెండు మాటలున్నాయి. హెన్రీ రస్సెల్ అనే ఇంగ్లిష్ సైనిక ఇంజినీరు అని ఒకటి, ఫ్రెంచివాళ్లు అని ఇంకొకటి. ఎవరు గీస్తేనేం, రాళ్లు చెక్కి సున్నం కలిపిన చేతులు ఈ చుట్టుపక్కలవే అయ్యుంటాయి. వాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. కాలేజీల్లో సివిల్ ఇంజినీరింగ్ చదివే మన పిల్లలను ఈ కట్ట దగ్గరికి ఎవరైనా తీసుకొస్తున్నారా అని నాకు అనుమానం. హూవర్ డ్యామ్ బొమ్మ మాత్రం ప్రతి పుస్తకంలో ఉంటుంది.

ఈ చెరువు షికారు కోసం తవ్వింది కాదు. ఊరికి తాగునీళ్లు దీనివే. నూరేళ్లకు పైగా పాతబస్తీ ఈ నీళ్లే తాగింది. 1908 సెప్టెంబర్ 28న మూసీ ఊరిని ముంచింది, ఆ వరద తర్వాత విశ్వేశ్వరయ్య గారు వచ్చారు, 1920లో ఉస్మాన్‌సాగర్ (అదే గండిపేట), 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. నల్లాల్లోకి గండిపేట నీళ్లొచ్చాయి. మీర్ ఆలం పని తీరిపోయింది. చెరువుకు చెడ్డరోజులు మొదలైంది ఆక్రమణలతోనో కాలుష్యంతోనో అని మనం అనుకుంటాం. నాకైతే, ఆ నీళ్లు మన గొంతు దిగడం ఆగిన రోజే మొదలయ్యాయనిపిస్తుంది. తాగే నీళ్లలో ఎవరైనా ఉమ్మితే కొట్లాటకు వెళ్తాం. చూసే నీళ్లలో ఏం కలిసినా ముక్కు మూసుకొని పోతాం.

తాగునీటి చెరువు చూసే చెరువుగా మారాక, దాని కట్ట కింద జూ వచ్చింది. 1959 అక్టోబర్ 26న ఏర్పాటు చేసి, 1963 అక్టోబర్ 6న జనానికి తెరిచారు. సుమారు 380 ఎకరాలు. అంతకుముందు జంతువులు నాంపల్లి వైపు బాగ్-ఎ-ఆమ్‌లో, అంటే పబ్లిక్ గార్డెన్స్‌లో ఉండేవి. అక్కడి నుంచి ఇక్కడికి తెచ్చారు. ఇనుప చువ్వల బోన్లు కాకుండా, కందకం అవతల జంతువు తిరుగుతుంటే ఇవతల మనిషి నిలబడి చూసే పద్ధతి. 1974లో సింహాల సఫారీ వచ్చింది. పాతబస్తీలో ఇరవై గజాల ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లవాడికి ఆకాశం మొత్తం ఒకేసారి కనిపించే చోటు ఇదే. పండగ మర్నాడు ఇక్కడికి వచ్చే జనాన్ని చూడండి. బుర్ఖాలు, బొట్లు, టిఫిన్ డబ్బాలు, ఏడ్చే పిల్లలు, బెలూన్లు. వాళ్లకు వర్షారణ్యం అంటే జాగ్వార్ పడుకునే నీడ, మకావ్ పిట్ట అరుపు.

ఆ జాగ్వార్ దక్షిణ అమెరికా అడవులది. సింహపుచ్ఛ వానరం పడమటి కనుమల వాన అడవులది. ఇవి మే నెలలో 42 డిగ్రీల హైదరాబాద్ ఎండలో ఎట్లా బతకాలి? వేసవి రాగానే జూ సిబ్బంది చేసే పని చూస్తే నా మాట మీకు ఇంకా బాగా అర్థమవుతుంది. ఎన్‌క్లోజర్ల మీద గడ్డి, తడకలు కప్పుతారు. స్ప్రింక్లర్లు తిప్పుతారు, కూలర్లు పెడతారు, నేలంతా తడుపుతారు, పుచ్చకాయలు కోసి వేస్తారు. వాన అడవిలో మబ్బు ఊరికే ఇచ్చే తడిని ఇక్కడ పైపుతో, మోటారుతో, మనిషి జీతంతో తయారుచేయాలి. మోటారు ఆగితే వర్షారణ్యం ఆగుతుంది.

జూ అంటే వినోదం ఒక్కటే అనుకునేవాళ్లకు ఒక మాట. మన నల్లమలలో మూషిక జింక అని ఒకటుంది. నిండా పెరిగినా మూడు కిలోలు, అటూ ఇటూగా, రాత్రిపూట తప్ప బయటికి రాదు. సీసీఎంబీ పరిశోధన సంస్థ వారి లాకోన్స్ ప్రయోగశాల అత్తాపూర్‌లో, జూకు దగ్గర్లోనే ఉంది. 2010 నుంచి వాళ్లూ జూ వాళ్లూ కలిసి కొద్దిపాటి మూషిక జింకలను పెంచి, సంతతి పెరిగాక అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదలడం మొదలుపెట్టారు. పాతబస్తీ నుంచి అడవికి వెళ్లిన జంతువులివి. ఇంత పని జరిగిందని చార్మినార్ దగ్గర ఎవరినడిగినా తెలియదు.

ఇప్పుడు నేను మొదట దాచిపెట్టిన సంగతి. వర్షారణ్యం నుంచి వచ్చి, జూలో కాకుండా చెరువులోనే కాపురం పెట్టిన ప్రాణి ఒకటుంది. దానికి స్ప్రింక్లర్ అక్కర్లేదు, కూలర్ అక్కర్లేదు. గుర్రపుడెక్క! పుట్టిల్లు అమెజాన్ నదీ ప్రాంతం. ఊదారంగు పువ్వు బాగుందని ముచ్చటపడి మనుషులే దేశదేశాలకు మోసుకెళ్లారు. కాడ మధ్యలో బుడగలా ఉబ్బి, లోపల గాలి నిండి ఉంటుంది, అందుకే మునగదు. అనుకూలిస్తే రెండు వారాల్లో రెండింతలవుతుంది. దానికి అనుకూలం అంటే ఏమిటి? మురుగు. ఎగువన కాలనీల డ్రైనేజీ చెరువులోకి వస్తున్నంత కాలం దానికి నిత్యం పెళ్లి భోజనమే. ఏటా యంత్రాలు దింపి తీయిస్తారు, ఒడ్డున కుప్పలు పోస్తారు, ఫోటోలొస్తాయి. నాలుగు నెలలకు చెరువు మళ్లీ ఆకుపచ్చ మైదానం. సాయంత్రం ఆరు దాటితే హసన్‌నగర్ వాళ్లు కిటికీలు మూసుకుంటారు, దోమలు. మొక్కను తిట్టి లాభం లేదు, అది తన పని తాను చేస్తోంది. దానికి తిండి పెడుతున్నది మనం.

మన పల్లెల్లో చెరువుకు నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడెత్తాలి, ఎవరి మడికి ఎంత వదలాలి, కట్టకు ఎలుక బొరియ ఎక్కడ పడింది, అలుగు ఎప్పుడు దుంకుతుంది, ఇవన్నీ ఒక్క మనిషికి తెలిసేవి. పంట మీద అతనికి వాటా ఉండేది. కట్ట మీద కట్టమైసమ్మ ఉండేది, బోనం ఎత్తే రోజున ఊరంతా కట్ట ఎక్కేది. అమ్మ మొక్కు పేరుతో ఏడాదికొకసారి ఊరి జనమంతా కట్టను కళ్లారా చూసి వచ్చేవాళ్లన్నమాట. మరి మీర్ ఆలంకు నీరటి ఎవరు? చెరువు ఒక శాఖది, కట్ట కింది జూ అటవీ శాఖది, మురుగు జలమండలిది, చెత్త మున్సిపాలిటీది, పడవలు పర్యాటక శాఖవి. అందరూ మంచివాళ్లే. ఎవరిని అడిగినా ఎదుటి ఆఫీసు వైపు చూపిస్తారు.

మీర్ ఆలం ఒంటరి చెరువు కూడా కాదు. మనవి గొలుసుకట్టు చెరువులు, పైది నిండితే అలుగు దుంకి కిందిదానికి. ఎగువన శివరాంపల్లిలో బమ్ రుక్నుద్దౌలా ఉంది, 1770 నాటిది. ముక్కాలు మువ్వీసం ఆక్రమణల్లో పోగా, 2024లో ప్రభుత్వ సంస్థ హైడ్రా కట్టడాలు తొలగించింది, ఆ తర్వాత మళ్లీ తవ్వించే పని చేపట్టింది. గొలుసులో ఒక లంకె తెగితే ఏమవుతుందో 2020 అక్టోబర్‌లో చూశాం. పదమూడో తారీఖు రాత్రి పల్లె చెరువు నీళ్లు అల్ జుబైల్ కాలనీ మీద పడ్డాయి. ఆ వారంలోనే గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్ మునిగింది. ఈ సభలో ఆ రాత్రి మేడ మీద గడిపినవాళ్లు ఉండొచ్చు, వాళ్లకు నేను వివరించేదేముంది. వాన ఎక్కువైన ఏళ్లలో మీర్ ఆలం నీళ్లు సఫారీ వైపు వచ్చి జంతువులనూ ఇబ్బంది పెట్టాయి. నీటికి పాత దారి గుర్తుంటుంది, మనం లేఅవుట్ వేసినా సరే.

ఇప్పుడు ఈ చెరువు మీదుగా శాస్త్రిపురం నుంచి చింతల్‌మెట్ వైపు రెండున్నర కిలోమీటర్ల తీగల వంతెన ప్రతిపాదన వచ్చింది. దీపాలు, సెల్ఫీలు, చుట్టూ పార్కు. నేను వద్దనను. బెంగళూరు హైవే ఎక్కడానికి పడే తిప్పలు నాకూ తెలుసు. కానీ ఆ పథకం కాగితాల్లో ముందు చూడాల్సింది వంతెన బొమ్మ కాదు, మురుగు మళ్లించే లైను ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ తేదీకి అన్నది. అది లేకుండా వంతెన కడితే గుర్రపుడెక్కను ఎత్తు మీది నుంచి చూడొచ్చు, అంతే.

పార్కు అనగానే చెట్లు నాటేద్దామనే తొందర కూడా మనకు ఎక్కువ. వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలిలో కృష్ణజింకలున్నాయి. కృష్ణజింకకు కావలసింది గడ్డి, బయలు, దూరం కనిపించే చూపు. దాని నేల నిండా చెట్లు నాటితే మనకు అడవి, దానికి జైలు. ఎండిన గడ్డి, ముళ్లపొద, గుండ్రాయి కూడా ప్రకృతే, మనది ఆ రకం.

చివరిగా ఒక చిన్న పని. కట్ట మీద నిలబడితే నీళ్లే కనిపిస్తాయి తప్ప కమానుల పనితనం తెలియదు. దిగువ నుంచి చూడాలి. లోపలికి గుంత పడ్డ గోడ, పక్కన దిమ్మె, మళ్లీ గుంత, మళ్లీ దిమ్మె, అట్లా ఇరవై ఒకటి లెక్కపెట్టండి. రాళ్ల సందుల్లో రావి మొలకలు కనిపిస్తే ఫోటో తీసి అధికారులకు పంపండి. ఏ శాఖకు పంపాలో తెలియకపోతే అన్ని శాఖలకూ పంపండి. పిల్లలతో వెళ్లేవాళ్లు జూకు సోమవారం సెలవని గుర్తుంచుకోండి. ఇక ప్రశ్నలుంటే అడగండి.