ముందు పళ్ళ అందం: అరగదీయించుకునే ముందు ఆలోచించండి

(ఓ.పి. వరండాలో రోగుల బంధువులకు దంతవైద్యులు ఇచ్చిన ప్రసంగ పాఠం)



మీవాళ్ళు లోపల చికిత్స పొందుతుంటే మీరు బయట ఆందోళనతో కూర్చుని ఉన్నారు. ఈ కాసేపట్లో, ఎదిగిన పిల్లలున్న ప్రతి ఇంటికీ పనికొచ్చే ఒక విషయం చెబుతాను.

ఆ మధ్య నల్గొండ వైపు నుంచి ఒక తల్లి తన కూతురిని తీసుకొచ్చింది. ఆ అమ్మాయి మాట్లాడినప్పుడల్లా చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంటోంది. ముందు పళ్ళ నిండా గోధుమరంగు మచ్చలు. "సంబంధాలు చూస్తున్నాం డాక్టరుగారూ. ఆరు పళ్ళకూ క్యాపులు వేసేయండి, తెల్లగా ఉంటాయి" అంది తల్లి. పరీక్ష చేశాను. ఒక్క పన్నూ పుచ్చలేదు, ఒక్కటీ కదలడం లేదు.

క్యాపు వేయాలంటే పన్నును చుట్టూ 1 నుంచి 2 మిల్లీమీటర్లు అరగదీయాలి. పైకి కనిపించే పన్నులో సగానికి పైగా పోతుంది. గోరు కత్తిరిస్తే పెరుగుతుంది, జుట్టు కత్తిరిస్తే పెరుగుతుంది. అరగదీసిన పన్ను మళ్ళీ పెరగదు. అంత అరగదీసిన పళ్ళలో కొన్నింటికి లోపలి నరం చచ్చిపోయి రూట్ కెనాల్ చేయాల్సి వస్తుంది. క్యాపు కూడా జీవితాంతం ఉండదు. ఇరవై ఏళ్ళకు వేయించుకుంటే ఆ తర్వాత ఎన్నిసార్లు మార్చుకోవాలో మీరే లెక్క వేసుకోండి.

ఈ మచ్చలు ఎందుకొస్తాయి? తాగేనీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వస్తాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బు ఉన్నట్టు 1937లోనే వైద్యులు రాశారు. చిగురు లోపల పన్ను తయారయ్యే వయసులో, అంటే సుమారు 8 ఏళ్ళ లోపు, తాగిన నీటి వల్ల ఈ మచ్చ పడుతుంది. కాబట్టి పసిపిల్లలకు మంచి నీళ్ళు పట్టండి. పెద్దవాళ్ళ మచ్చలు నీళ్ళు మార్చినంత మాత్రాన పోవు.

మరి ఏం చేయించుకోవాలి? పన్నుకు తక్కువ నష్టం చేసేది ముందు, ఎక్కువ నష్టం చేసేది చివర. ఈ వరుస గుర్తుపెట్టుకోండి.

1. క్లీనింగ్: గార, టీ మరకలు, పొగాకు మరకలు పోతాయి. చాలామందికి ఇదే సరిపోతుంది. దీనివల్ల పళ్ళు వదులవుతాయన్నది అపోహ.

2. పైపొర రుద్దడం, బ్లీచింగ్: లోతుగా లేని మచ్చలను మందుతో రుద్ది తగ్గిస్తాం. బ్లీచింగ్‌తో రంగు తేలిక పడుతుంది. కొన్నాళ్ళు పళ్ళు జివ్వుమనవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆగడం మంచిది.

3. పన్ను రంగు ఫిల్లింగ్: చిన్న విరుగుడు, సందు, మిగిలిన మచ్చలకు బాగుంటుంది. సాధారణంగా ఒక్కరోజులో అయిపోతుంది, అరగదీయడం చాలా తక్కువ. కొన్నేళ్ళకు రంగు మారవచ్చు, అంచు విరగవచ్చు. అప్పుడు బాగు చేసుకోవచ్చు.

4. వినీర్: పన్ను ముందువైపు అతికించే పలుచని పింగాణీ రేకు. అందంగా ఉంటుంది, ఎక్కువ కాలం నిలుస్తుంది. అయితే సాధారణంగా అర మిల్లీమీటరు వరకు అరగదీయాలి. నిద్రలో పళ్ళు కొరికేవారికి త్వరగా విరుగుతుంది.

5. క్యాపు: రూట్ కెనాల్ చేసిన పన్నుకు, బాగా విరిగిన పన్నుకు ఇది మేలు చేస్తుంది. కేవలం తెలుపు కోసం మంచి పన్నుకు వద్దు.

పళ్ళు వంకరగా ఉంటే క్లిప్పులు పెట్టించండి. ఏడాది, రెండేళ్ళు పట్టినా సొంత పన్ను సొంతంగానే ఉంటుంది. ఇటుక పొడి, బొగ్గు, నిమ్మచెక్కతో మాత్రం రుద్దకండి. పైపొర అరిగిపోయి లోపలి పసుపు మరింత బయటపడుతుంది.

ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా మూడు ప్రశ్నలు అడగండి. నా పన్ను ఎంత అరగదీస్తారు? ఇది ఎన్నేళ్ళు ఉంటుంది? పాడైతే తర్వాత ఏం చేయాలి? ఇలా అడగడం తప్పు కాదు. మంచి వైద్యుడు ఓపికగా చెబుతాడు.

ఆ అమ్మాయికి ముందు మచ్చలు రుద్ది, తర్వాత బ్లీచింగ్ చేశాం. రెండు వారాలు ఆగి రెండు పళ్ళకు ఫిల్లింగ్ పెట్టాం. మచ్చలు పూర్తిగా మాయమయ్యాయని చెప్పను, దగ్గరగా చూస్తే కొద్దిగా కనిపిస్తాయి. కానీ చివరిరోజు తల్లితో మాట్లాడుతూ వెళ్తున్నప్పుడు ఆమె చున్నీ భుజం మీదే ఉంది. ఆరు పళ్ళూ ఆమెవే.

మీవాళ్ళు త్వరగా కోలుకుని, మీరంతా నవ్వుతూ ఇంటికి చేరాలని ప్రార్థిస్తున్నాను. దేవుడు మిమ్మల్ని దీవించును గాక.