సభ్యుల పట్టిక: ఒంటి చిట్టాయా, డేటాబేసా?



సంఘమునకు ధనమే ప్రాణమందురు. ధనముకంటె ముందు కావలసినది సభ్యుల పట్టిక. మనవారెవరో, ఎచట నున్నారో తెలియనిచో విద్యార్థివేతన మెవరికిత్తుము? ఆపన్నునకు సహాయమెట్లు పంపుదుము? ఆ పట్టికను కంప్యూటరునందు ఒకే పొడవైన చిట్టాగా నుంచవలెనా, డేటాబేసుగా నేర్పరుపవలెనా యనునదే నేటి మా ప్రసంగవిషయము.

చిట్టా సులభమైనది. వరుసకొక మనిషి, పేరు, విలాసము, చందా. 1984లో కరణముల పదవులు రద్దగువరకు గ్రామలెక్కలు సాగినది చిట్టాలలోనే. ఎవరైనను చదువవచ్చును, నకలు తీయుట తేలిక. కొలదిమంది గల శాఖకు అది చాలును.

ఫిలింనగర్, జూబిలీహిల్స్ ప్రాంతమున మాత్రమది చాలదు. చిత్రపరిశ్రమలో పనివెంట నివాసము మారును. నేడు కృష్ణానగర్ అద్దెగదిలో నున్నవాడు మరుసటి యేట ఫిలింనగర్‌లో నుండును. చందాచిట్టాలో విలాసము దిద్ది, వేతనచిట్టాలో మరచినచో ఉత్తరము పాత గుమ్మమునకే పోవును. పేరును నమ్ముదమన్నను, ఇచట తెరపేరు వేరు, జన్మనామము వేరు. చిరంజీవి యన్న నెల్లరెరుగుదురు. కొణిదెల శివశంకర వరప్రసాద్ అన్న నెందరు పోల్తురు? తాతపేరు మనుమనికిడు మన యాచారముచే ఒకే యింటిపేరు, ఒకే పేరు గలవారు పలువురుందురు. ఒకరి వేతనము వేరొకరికి ముట్టినచో నిలిచిపోవునది పేదబిడ్డ చదువు.

1970లో ఐబీఎం శాస్త్రజ్ఞుడు ఎడ్గార్ కాడ్ దీనికి మార్గము చూపెను. సభ్యులకొక పట్టిక, చందాలకొకటి, వేతనములకొకటి. ప్రతి సభ్యునికిని మారని సంఖ్య యొకటి. తక్కిన పట్టికలలో ఆ సంఖ్యయే యుండును. విలాసమొక్కచోట దిద్దిన అంతటను దిద్దినట్లే. పాణిని సర్వాదులను గణపాఠమున నొక్కచోట నుంచి సూత్రమున సూచించి విడిచిన లాఘవమిట్టిదే. ఇరువురు కార్యదర్శులేకకాలమున వ్రాసినను ఒకరి వ్రాతను వేరొకరిది తుడిచివేయకుండ డేటాబేసు కాపాడును. నడుమ కరెంటు పోయినను సగము లెక్క నిలువదు. అంతయు నిలుచును, లేదా అంతయు రద్దగును.

మరియొక ముఖ్యవిషయము. చిట్టా నొకరి చేతికిచ్చిన సర్వమునిచ్చినట్లే. మన యాడుబిడ్డల జన్మతేదీలు, ఫోను నంబర్లు ఊరిలోని పెండ్లిపేరయ్యల పాలగును. డేటాబేసున ఎవరికేది కనబడవలెనో నియమింపవచ్చును. 2023లో పార్లమెంటు చేసిన చట్టము సేకరించిన వ్యక్తిగతసమాచారమును కాపాడుట సేకరించినవారి విధియని నిర్ణయించినది.

డేటాబేసు తెలిసిన యువకుడు అమెరికా పోయినచో గతియేమని పెద్దలడుగుదురు. ఆ ప్రశ్న యుచితమే. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వంటివి ఉచితముగ లభించుచున్నవి గాన వ్యయభయము లేదు, కావలసినది మనుష్యులు. మూలము డేటాబేసునందుండవలెను. ఇరువురికి తక్కువ గాకుండ దానిని నేర్వవలెను. నెలకొకసారి దాని నకలును సామాన్యచిట్టాగా తీసి, తాళమువేసి కోశాధికారి యొద్ద భద్రపరుపవలెను. అప్పుడు రెండు పద్ధతుల గుణములును మనకు దక్కును.

పోషకులీ కార్యమునకు చేయూతనిత్తురనియు, యువకులు పూనుకొందురనియు మా యాశ. సంఘము వర్ధిల్లుగాక!