ఉబ్బసానికి వాన కబురు

ఉబ్బసమంటే ఏమిటో చెప్పి మీ టైము తినను. పిల్లికూతలు వినని చెవి ఈ హాల్లో ఉండదు. నేనొచ్చింది పోట్లాటకు. "పెరుగు తిన్నాడు, అరటిపండు తిన్నాడు, అందుకే ఆయాసం" అని పిల్లాడి నోరు కట్టేసే పెద్దల మీద నాకు ఎప్పటినుంచో కోపం. ఆ రాత్రి మంచు దిగిందా, ఈదురుగాలి లేచిందా అని ఒక్కరూ అడగరు.

2016 నవంబరు 21, ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్. వాళ్లకది వసంతం చివర. పగలు 35 డిగ్రీల ఎండ, సాయంత్రం ఉరుములతో గాలివాన. ఆ రాత్రి అంబులెన్సులు చాలలేదు. 30 గంటల్లో మామూలుకంటే మూడు వేల మందికి పైగా ఎక్కువగా ఆయాసంతో ఎమర్జెన్సీలకు వచ్చారు. 10 మంది చనిపోయారు. విషవాయువా? కాదండీ, గడ్డి! ఊరి చుట్టుపక్కల రై గడ్డి మైదానాలు. ఆ పుప్పొడి రేణువు పెద్దది, ముక్కులోనే చిక్కుకుంటుంది, తుమ్ములతో సరి. గాలివాన తేమ తగిలిందా, నీళ్లు పీల్చి పగులుతుంది. ఒక్కో రేణువులోంచి వందల పిండి కణాలు! వానకు ముందొచ్చే చల్లగాలి వాటిని నేలమట్టానికి తోసి ఊరంతా చల్లింది. అంత సన్నటివాటిని ముక్కు ఆపలేదు.

వెనక వరసవాళ్లు కూడా వినండి. వచ్చినవాళ్లలో చాలామందికి అంతకుముందు ఉబ్బసమే లేదు, వట్టి తుమ్ములు, ముక్కు కారడం. భారతీయ మూలాలవాళ్లు జనాభాలో తమ వాటాకు మించి ఉన్నారు. మీలో ఎవరి పిల్లలు మెల్‌బోర్న్‌లో ఉన్నారు? అదుగో, చేతులు లేస్తున్నాయి. రేపు పొద్దున్నే ఫోన్ చెయ్యండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అక్కడ ఈ ముప్పుకు ముందస్తు సూచన ఇస్తారు. అది చూసుకుని, ఉరిమే వేళకు కిటికీలు మూసి ఇంట్లో ఉండమనండి.

మనకు అంత రై గడ్డి లేదు, నిజమే. వయ్యారిభామ కలుపుమొక్క లేదా? వానాకాలం గోడల బూజు లేదా?

చేపమందు సంగతి ఎవరో ఒకరు అడుగుతారు. ఉబ్బసం పోతుందని మృగశిర కార్తెకు హైదరాబాదు నాంపల్లి వెళ్లి మందు పెట్టిన కొర్రమీను పిల్లను మింగి వస్తారు. ఉబ్బసం కాలంతోపాటు పెరిగి తగ్గే జబ్బు. తగ్గితే మంచిపేరు చేపకు, పెరిగితే చెడ్డపేరు పెరుగుకు! చేపను నమ్మి ఇన్‌హేలర్ మానేసినవాళ్లే చివరికి నా దగ్గరికొస్తారు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, గబగబా చెప్పేస్తాను. చలికాలం తెల్లవారుజామున పొగ పైకి లేవదు, కాబట్టి వాకింగు ఎండెక్కాకే. చలిగాలి శ్వాసనాళాలను ఆరబెట్టి బిగిస్తుంది, మఫ్లరు చెవులకే కాదు, ముక్కుకూ కట్టండి. భోగిమంటకు దూరంగా ఉండండి. జబ్బు ముదిరినవాళ్లు వాతావరణం బాగుందని రోజువారీ స్టెరాయిడ్ పంపు మానేస్తారు. కొంప మునిగేది అక్కడే, లోపలి వాపు తగ్గకుండా పెరుగుతూ ఉంటుంది. పంపు "అలవాటైపోతుంది" అనేది వట్టిమాట. వాక్యం పూర్తిచెయ్యలేనంత ఆయాసమొస్తే వాన వెలిసేదాకా ఆగకండి. ఆయాసానికి వెంటనే పనిచేసే పంపు పీలుస్తూనే 108కి ఫోన్ చెయ్యండి.