బయానాకు ముందు చూడవలసిన కాగితం
(సంఘ వార్షిక సభలో నరసరావుపేటలో చేసిన ప్రసంగ పాఠం)



మొదటిసారి ఇల్లు కొనేవారికి నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు మమ్మల్ని కోరారు. వడ్డీ సంగతి చెప్పడానికి ఉలేమాలు ఉన్నారు, ఆ జోలికి మేము పోము. బ్యాంకు అప్పుతో కొనాలని ఇప్పటికే నిశ్చయించుకున్నవారికే ఈ మాటలు.

మనవాళ్ళకు ఒక అలవాటుంది. ఇల్లు నచ్చిందంటే చాలు, చేజారుతుందేమోనని ముందు బయానా ఇచ్చేస్తాం. బ్యాంకు గడప తరువాత తొక్కుతాం. మాచర్ల వైపు నాపరాయి పని చేసే తమ్ముడొకడు నిరుడు ఇలాగే ఈ ఊళ్ళో చిన్న ఇంటికి లక్ష రూపాయలిచ్చి, మూడు నెలల్లో రిజిస్ట్రేషను అని కాగితం వ్రాసుకున్నాడు. బ్యాంకువారు సిబిల్ చూసి, నీకు అప్పు రాదు పొమ్మన్నారు. ఎవరికీ పైసా బాకీ లేని మనిషి! తీరా చూస్తే, బావమరిది ఆటో అప్పుకు ఎప్పుడో పెట్టిన హామీ సంతకం. వాయిదాలు ఆగిపోయిన సంగతి ఇతని చెవిన ఎవరూ వేయలేదు. అది చక్కబెట్టుకునేలోగా గడువు దాటింది, బయానా పోయింది. ఆ లక్షా భార్య గాజులు అమ్మిన డబ్బు.

సిబిల్ అంటే 2000లో ఏర్పడిన కంపెనీ. ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని అలాంటివి ఇంకో మూడున్నాయి. మనం ఎక్కడెక్కడ అప్పు తెచ్చామో, వాయిదా ఏ నెల తప్పామో బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు, మైక్రోఫైనాన్సు వారు వీరికి పంపుతారు. దాన్నిబట్టి 300 నుంచి 900 వరకు మార్కు వేస్తారు. ఒక్కో కంపెనీ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని 2017 నుంచి రిజర్వు బ్యాంకు నియమం. మనది మనం చూసుకుంటే మార్కు తగ్గదు. కంగారుపడి పది బ్యాంకుల్లో దరఖాస్తులు పెడితేనే తగ్గుతుంది. అసలు అప్పే చేయనివారికి మార్కు ఉండదు. ఆ ఒక్క కారణంతో త్రోసిపుచ్చవద్దని రిజర్వు బ్యాంకు 2025లో బ్యాంకులకు సూచించింది.

మనవాళ్ళు మరీ జాగ్రత్తగా చూడవలసింది పేరు. పల్నాడు బజారులో నిలబడి "షేక్ మస్తాన్‌వలీ" అని కేకేస్తే ముగ్గురు తిరిగి చూస్తారు. పైగా బడిలో మాస్టారు వేసిన పుట్టినరోజులు, ఎందరికో జూన్ ఒకటో, జూలై ఒకటో! ఒక కార్డులో షేక్, ఇంకోదాంట్లో ఎస్.కె. ఇలాంటప్పుడు ఒకరి అప్పు ఇంకొకరి ఖాతాలో పడే ప్రమాదం ఉంది. మీది కాని అప్పు కనిపిస్తే ఆ కంపెనీకే ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో తేల్చాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున మనకు చెల్లించాలన్న నియమం 2024లో అమలుకు వచ్చింది. అందుకే ఇల్లు వెదకడానికి మూడు నాలుగు నెలల ముందే రిపోర్టు తీయించుకోవాలి.

పాత అప్పును కొంత తగ్గించి "సెటిల్‌మెంటు" చేసుకున్నవారు తీరిపోయిందనుకుంటారు. రిపోర్టులో మాత్రం అది "క్లోజ్డ్" అని కాదు, "సెటిల్డ్" అని పడుతుంది. తరువాత అప్పిచ్చేవాడు దాన్ని చూసి వెనకాడతాడు. మిగిలింది కట్టి, నో డ్యూస్ కాగితం చేతికి తీసుకోండి. అప్పులో భార్యను కూడా కలిపితే ఆమె రిపోర్టూ చూస్తారు, అమ్మలారా, మీరూ తీయించుకోండి.

ఎలా తీయాలో తెలియనివారు సభ అయ్యాక ఇక్కడే ఆగండి, మన కుర్రవాళ్ళు చూపిస్తారు. పాన్ కార్డు, మీ పేరున ఉన్న ఫోను దగ్గర ఉంచుకోండి. ఫోనుకు వచ్చే ఓటీపీ మాత్రం మీరే కొట్టండి, మాకు కూడా చెప్పవద్దు.